కాలువ నీళ్ళ వెంట సైకిల్ మీద: ధవళేశ్వరం నుంచి పి.గన్నవరం అక్విడక్టు దాకా ఎలా వెళ్ళాలి

కోనసీమలో సైకిల్ తొక్కుదామని వచ్చేవాళ్ళు చాలామంది ఫోన్ మ్యాప్‌లో రావులపాలెం అని కొట్టి, అది చూపించిన హైవే ఎక్కేస్తారు. పక్కనుంచి లారీలు కొట్టే గాలికి హ్యాండిల్ ఊగిపోతుంటే రెండు గంటలు తొక్కి, రావులపాలెం చేరి, అరటి గెలల లారీ పక్కన ఫొటో దిగి వెనక్కి వెళ్ళిపోతారు. వాళ్ళని తప్పు పట్టను, మొదటిసారి నేనూ అదే చేశాను. తర్వాత తెలిసిందేంటంటే ఇక్కడ మ్యాప్ అక్కర్లేదు, కాలువ ఉంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నుంచి బయల్దేరిన నీళ్ళు ఎటు పోతుంటే అటే మీరూ పోతే చాలు, లాకులూ గుళ్ళూ పాత కట్టడాలూ వాటంతట అవే వస్తాయి. ఎందుకంటే ఊళ్ళు ఉన్నది ఆ నీళ్ళ పక్కనే.

దారి మొత్తం ఒక్కసారి చెప్పేస్తాను. ధవళేశ్వరం బ్యారేజీ, బొబ్బర్లంక, ఆత్రేయపురం, లొల్ల లాకులు, ర్యాలి, రావులపాలెం, కొత్తపేట, పలివెల, చివరికి పి.గన్నవరం అక్విడక్టు, అంటే నది మీదుగా కాలువని దాటించే వంతెన. ఎన్ని పక్కదారులు పట్టారన్నదాన్ని బట్టి ఒకవైపు యాభై, అరవై కిలోమీటర్ల మధ్య పడుతుంది. రోజూ తొక్కే అలవాటుంటే పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు, లేకపోతే ఒక రాత్రి రావులపాలెంలో లాడ్జిలో ఆగండి, తొందరేముంది.

ముందు రోజులు చూసుకోండి. నవంబరు చివర్నించి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. ఏప్రిల్ వచ్చేసరికి దాళ్వా (రెండో పంట) కోతలైపోయి కాలువలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో సార్వాకి (తొలకరి పంటకి) వదిలేదాకా అడుగున బురదా ప్లాస్టిక్కూ తప్ప ఏమీ ఉండదు. ఎండకి కళ్ళు తిరుగుతాయి, పైగా చూడ్డానికి వచ్చిన నీళ్ళే లేవు. జులై నుంచి సెప్టెంబరు దాకా అందం మాట ఎలా ఉన్నా వరద సంగతి చూసుకునే బయల్దేరాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. పేపర్లో, టీవీలో మొదటి హెచ్చరిక అన్న మాట వినపడితే ఆ వారం ఇంట్లోనే ఉండండి. ఇంకోటి, శనివారం వద్దు. ఆత్రేయపురం దగ్గరి వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాల మొక్కున్న జనం, కొత్తపేట దగ్గర మందపల్లి శనీశ్వరుడి గుడికి వచ్చే జనం, అందరూ కార్లలో మీ కాలువగట్టు రోడ్డు మీదే ఉంటారు. సంక్రాంతికి వచ్చే పనైతే కనుమనాడు సైకిల్ గోడకి ఆనించేసి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళండి, ఆ రోజు ఆ చుట్టుపక్కల రోడ్ల మీద సైకిల్ కాదు కదా చీమ కూడా దూరదు.

సైకిల్ ఏదైనా పర్వాలేదు, టైర్ల సంగతే చూడాలి. 25 మిల్లీమీటర్ల సన్న టైర్లతో హైవే మీద ఎంత సుఖమో గట్టు మీద అంత నరకం. 32 అయినా ఉంటే మంచిది, గాలి కూడా రాయిలా కొట్టించొద్దు, మీ బరువు డెబ్భై కిలోల లోపైతే 32 టైరుకి 55-60 పీఎస్‌ఐ చాలు. గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్ళుంటాయి కాబట్టి పంచర్ పడదని అనుకోకండి, పడితే ఏంటి అని అనుకోండి. రెండు ట్యూబులు, టైరు విప్పే ప్లాస్టిక్ మీటలు, చిన్న పంపు పెట్టుకోండి. వీటన్నిటికంటే ముఖ్యమైంది ముప్పై, నలభై రూపాయల ఇత్తడి అడాప్టర్. మన రోడ్ సైకిళ్ళకి ఉండే సన్న వాల్వుకి ఊళ్ళో పంచర్ షాపు పంపు పట్టదు. ఒకసారి నా పంపు పాడై ఓ షాపు ముందు ఆగితే, ఆయన కంప్రెసర్ ఆన్ చేసి, పైపు పట్టుకుని, నా వాల్వు వంక రెండు నిమిషాలు చూసి "ఇదేంటండీ బాబూ, సూదా?" అన్నాడు. పక్కనున్న ఇంకో ముగ్గురు కూడా వచ్చి చూశారు. గాలి మాత్రం ఎక్కలేదు, నాలుగు కిలోమీటర్లు నడిపించుకుంటూ వెళ్ళాను. అప్పట్నించి అడాప్టర్ వాల్వుకే బిగించి ఉంటుంది.

బట్టల విషయానికొస్తే ఒక పల్చటి పంచె చుట్టి బ్యాగులో పడేయండి. సైక్లింగ్ షార్ట్‌తో గుళ్ళోకి వెళ్తే ఎవరూ తిట్టకపోవచ్చు గానీ పెద్దవాళ్ళు చూసే చూపుకి మీరే బయటికి వచ్చేస్తారు. షార్ట్ మీదే పంచె చుట్టేసుకుంటే గొడవ వదిలిపోతుంది. పెడల్‌కి బిగించే క్లీట్ బూట్లు కూడా వద్దంటాను, గుళ్ళ దగ్గర పదిసార్లు విప్పాలి, రేవు మెట్ల మీద జారతాయి, మామూలు బూట్లు చాలు.

రైల్లో వచ్చేవాళ్ళు సైకిల్‌ని స్టేషన్ పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి రాజమండ్రిలో దింపుకోవచ్చు. గేర్ మార్చే భాగం పక్కన రెండు పొరల అట్ట కట్టి, పెడల్స్ విప్పి సంచిలో పెట్టుకోండి. బండి కదిలేముందు మీ సైకిల్ నిజంగా ఎక్కిందో లేదో కళ్ళారా చూసుకోండి, రసీదు చేతిలో ఉంది కదా అని ఊరుకోవద్దు. నేను దిగిన మర్నాడు సాయంత్రానికి వచ్చింది నా సైకిల్. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం ఏడెనిమిది కిలోమీటర్లు. ముందురోజు సాయంత్రమే అక్కడికి వెళ్ళి కాటన్ మ్యూజియం చూసేయండి, ఎందుకంటే మీరు మర్నాడు బయల్దేరే వేళకి అది తెరవరు.

మ్యూజియం ఎందుకు చూడమంటున్నానంటే, అక్కడి నమూనాలు ఒక అరగంట చూస్తే మర్నాడు మీ చక్రం కింద ఏముందో అర్థమవుతుంది. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆర్థర్ కాటన్ గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టించాడు, పక్కన వీణం వీరన్న లాంటి మనవాళ్ళు పగలూ రాత్రీ పనిచేశారు. ఇప్పుడు మీరు తొక్కే బ్యారేజీ అది కాదు, 1970లలో మొదలై 80ల మొదట్లో పూర్తయిన కొత్తది, 175 గేట్లది. కాలువల పద్ధతి మాత్రం ఆ పాతదే. పంటకాలువని ఎప్పుడూ మెరక మీద తవ్వుతారు, రెండు పక్కలా పొలాలకి నీళ్ళు వాటంతట అవే దిగడానికి. మురుగు కాలువ పల్లంలో ఉంటుంది. సైకిల్ వాడికి దీంతో పనేంటంటే, పంటకాలువ గట్టు మీద రోడ్డు పొలాలకంటే ఎత్తులో ఉంటుంది, వాన పడినా నీళ్ళు నిలవవు, చుట్టూ నాలుగు మైళ్ళు కనిపిస్తుంది. మురుగు కాలువ పక్క పుంత (మట్టి దారి) పట్టారా, ఒండ్రుమట్టి చక్రానికి చుట్టుకుని బ్రేకు దగ్గర ఇరుక్కుని సైకిల్ భుజానికెక్కుతుంది. కాబట్టి అనుమానం వస్తే నీళ్ళ వంక చూడండి. కదులుతూ కాస్త ఎర్రగానో తేటగానో ఉంటే సరైన దారి, నల్లగా కదలకుండా ఉంటే వెనక్కి తిరగండి.

పొద్దున్న అయిదున్నరకి బ్యారేజీ ఎక్కండి. డిసెంబరు, జనవరిలో మంచు దట్టంగా ఉంటే మాత్రం ఇంకో గంట ఆగండి, ముందు వెనకా లైట్లున్నా సరే, ఇసుక ట్రాక్టరు వాడికి మీరు కనపడరు. బ్యారేజీ నాలుగు ముక్కలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మీరు మొదటి రెండు దాటాలి, మధ్యలో పిచ్చికలంక వస్తుంది. వంతెన అతుకుల దగ్గర ఇనుప సందులుంటాయి, సన్న టైరు వాటిని ఏటవాలుగా దాటితే ఇరుక్కుంటుంది, నిటారుగా దాటండి, సీటు మీద నుంచి కొంచెం లేచి. గేట్ల దగ్గర ఆగి కిందకి చూడాలనిపిస్తుంది, చూడండి, కానీ సైకిల్‌ని పూర్తిగా పక్కకి తీసి.

బొబ్బర్లంక రాగానే ఎడమకి తిరగాలి. మధ్య డెల్టా కాలువ మొదలయ్యేది ఇక్కడే. ఇక్కణ్ణించి మీకు దారి చెప్పేది గుర్రపుడెక్క. ఆ ఊదాపూల మొక్క తెప్పలు తెప్పలుగా నీళ్ళ మీద ఎటు కొట్టుకుపోతుంటే అటు వెళ్తే కోనసీమలోకి వెళ్తున్నట్టు, దానికి ఎదురెళ్తే ఇంటికి వస్తున్నట్టు. చిన్న విషయమే గానీ, రెండు కాలువలు కలిసేచోట గట్లన్నీ ఒకేలా కనిపిస్తాయి కదా, అక్కడ ఫోన్‌కంటే ఇదే నయం.

ఇక తొక్కడం ఎలాగో. చదును నేల కదా సుఖం అనుకుంటారు. కొండ దారిలో ఎక్కాక దిగుడు ఉంటుంది, కాళ్ళు ఊరుకుంటాయి. ఇక్కడ దిగుడు లేదు, మీరు తొక్కడం మానేస్తే సైకిల్ ఆగిపోతుంది, అంతే. నలభై కిలోమీటర్లు ఒకేలా కూర్చుని ఒకేలా తొక్కితే కాళ్ళు కాదు, నడుమూ అరచేతులూ పోతాయి. పది నిమిషాలకోసారి లేచి నిలబడి ఇరవై తొక్కులు తొక్కండి, చేతులు హ్యాండిల్ మీద ఒకచోట ఉంచొద్దు. గేరు ఒకటి తేలికగానే ఉంచుకుని, పక్కవాడితో ఆయాసం లేకుండా కబుర్లు చెప్పగలిగే వేగంలో పొండి.

ఇక్కడ కొండలకి బదులు గాలి ఉంది. పొద్దున్న ఎనిమిది, తొమ్మిది దాకా ఉన్నట్టే తెలీదు. పది దాటాక సముద్రం వైపు నుంచి మొదలై మధ్యాహ్నానికి బాగా వీస్తుంది. అందుకే వెళ్ళేటప్పుడు సముద్రం వైపు పొద్దున్నే వెళ్ళిపోయి, వచ్చేటప్పుడు మధ్యాహ్నం ఆ గాలిని వీపు మీద వేసుకుని రావాలి. దీన్ని తిరగేసి, అంటే గన్నవరం నుంచి బయల్దేరి ధవళేశ్వరం వెళ్ళి మధ్యాహ్నం వెనక్కి వచ్చిన ఒక మిత్రుడు చివరి ఇరవై కిలోమీటర్లకి రెండున్నర గంటలు తీసుకున్నాడు. ఇప్పటికీ సైకిల్ అంటే మాట మారుస్తాడు.

ఆత్రేయపురంలో టిఫిన్‌కి ఆగండి. పూతరేకులు కొనాలని చేతులు పీకుతాయి, ఇప్పుడే కొనొద్దు, జెర్సీ వెనక జేబులో పెట్టుకుంటే లొల్ల చేరేసరికి పొడి మిగులుతుంది, వచ్చేటప్పుడు డబ్బాలో కట్టించుకోండి. ఇప్పుడు మాత్రం రేకు తీసేది చూడండి, ఇళ్ళ అరుగుల మీదే తీస్తుంటారు. బోర్లించిన కుండ కింద ఎండుటాకుల మంట. పల్చటి బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డని రెండు చేతులతో పట్టుకుని కుండ మీద ఒక్క లాగు లాగుతుంది ఆవిడ, గుడ్డ పోయినచోట తెల్లటి పొర ఉంటుంది, కాగితం కంటే పల్చగా. రెండు క్షణాల్లో అంచు లేస్తుంది, తీసి పక్కన పెడుతుంది, మళ్ళీ గుడ్డ. చేస్తున్నంతసేపూ మీ వంక చూడదు. ఫొటో తీసేముందు "అమ్మా, తీసుకోనా?" అని అడగండి, అడిగితే ఎవరూ కాదనరు, అడక్కుండా తీస్తే మాత్రం మొహం తిప్పేసుకుంటారు.

లొల్ల లాకుల దగ్గర పెద్ద కాలువ చీలుతుంది. సినిమాల్లో చూసిన చోటులా ఉందే అనిపిస్తే మీ అనుమానం నిజమే. లాకు అంటే ఏంటో ఇక్కడ సైకిల్ దిగి చూడండి. కాలువ మెరక నుంచి పల్లానికి దిగేచోట రెండు తలుపుల మధ్య ఒక గది, పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసి నీళ్ళు దించి ముందు తలుపు తీసేవాళ్ళు. ఈ కాలువలు పొలాలకి ఎంతో పడవలకీ అంతే, రోడ్లు లేనప్పుడు ధాన్యం, కొబ్బరి, మనుషులు, పెళ్ళివారు కూడా వీటి మీదే. గట్టు మీద మనం తొక్కే దారి ఒకప్పుడు పడవని తాడు కట్టి లాగుతూ మనుషులు నడిచిన దారే. మనకి గాలికే ఏడుపొస్తుంటుంది గానీ వాళ్ళు లాగింది ధాన్యం పడవని.

ఇక్కణ్ణించి ర్యాలికి కొంచెం పక్కకి వెళ్ళాలి. దారి అడిగేటప్పుడు ఒక కిటుకు ఉంది. "ర్యాలికి గట్టు మీద నుంచి దారుందాండీ?" అని అడిగితే "ఆయ్, ఉందండి, తిన్నగా ఎళ్ళిపోండి" అంటారు. అబద్ధం కాదు, బండి మీద వాళ్ళు రోజూ వెళ్తారు. మీరు అడగాల్సింది "రోడ్డు వేశారాండీ, మట్టేనా?" అని. అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది: "మట్టేనండి, మొన్న వానకి కోసేసింది కూడానండి, మీరు ఊళ్ళోంచి ఎళ్ళండి." దూరం మాత్రం ఎవర్నీ అడక్కండి, అందరికీ "ఇక్కడేనండి" దూరమే. ర్యాలి గుళ్ళో విగ్రహం ముందు నుంచి చూస్తే కేశవస్వామి, వెనక నుంచి చూస్తే జగన్మోహిని, ఒకే రాతిలో. అర్చకస్వామి దీపం పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళి చూపిస్తారు, తొందరపడకండి. పన్నెండు దాటితే ఈ వైపు గుళ్ళు చాలావరకు మూసేస్తారు కాబట్టి ర్యాలి, పలివెల రెండూ చూడాలంటే పదిన్నరకల్లా రావులపాలెం దాటేయాలి.

రావులపాలెంలో ఆగకుండా పోతే మంచిది. హైవే దాటేచోట సైకిల్ దిగి నడిపించుకుంటూ దాటండి, పరువేం పోదు. దాటాక కొత్తపేట రోడ్డు. పలివెలలో ఉమా కొప్పేశ్వరస్వామి గుడి ఉంది, శివుడికి కొప్పు ఉంటుంది, ఎందుకొచ్చిందో కథ అక్కడ ఏ మామ్మగారినడిగినా చెబుతుంది, నేను చెబితే ఆ రుచి ఉండదు.

ఈ భాగంలో రోడ్డు మీద జాగ్రత్తలు ఎక్కువ. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. దాని మీదుగా తొక్కొద్దు, మీకు జారుతుంది, వాళ్ళకి అది ఆర్నెల్ల కష్టం. అంచున పెట్టే రాళ్ళు సాయంత్రం వెలుగులో కనపడవు, చూసుకోండి. స్పీడ్‌బ్రేకర్లకి చాలాచోట్ల రంగుండదు, ఊరి మొదట్లో బడో గుడో కనిపిస్తే ముందే ఒకటుందని లెక్క. బాతుల మంద రోడ్డు దాటుతుంటే బెల్లు కొట్టకండి, అన్నీ మీ వైపే వస్తాయి. కుక్క వెంటపడితే తొక్కి తప్పించుకోవాలని చూడొద్దు, దిగి సైకిల్‌ని మీకూ దానికీ మధ్య ఉంచుకుని నడవండి, పది అడుగులకి దానికి విసుగొస్తుంది. కొబ్బరి తోటల్లో దింపు తీస్తుంటే, అంటే చెట్టెక్కి కాయలు కోస్తుంటే, పైకి చూసి, కేక వేసి, సరే అన్నాకే కిందనుంచి వెళ్ళండి. అన్నిటికంటే ముఖ్యం, గట్టు అంచుకి పిట్టగోడ ఉండదు. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే కాలువ వైపు తప్పుకోకండి, పొలం వైపు తప్పుకుని ఆగండి. పొలంలో పడితే నవ్వుతారు, కాలువలో పడితే మీకోసం ఎవరో దూకాల్సి వస్తుంది.

నీళ్ళు రెండు సీసాలు, ఒకదాంట్లో ఓఆర్‌ఎస్. ఎలాగూ గంటకో బొండం దొరుకుతుంది, కానీ వరసగా మూడు తాగేసి తొక్కితే కడుపులో కుండ మోస్తున్నట్టు ఉంటుంది, ఒకటి చాలు.

పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి పాయ అడ్డం వస్తుంది. మీ వెంట వచ్చిన కాలువ ఇక్కడ నదిని ఎలా దాటిందో చూడ్డానికే ఇంత దూరం తొక్కింది. 1850లలో 49 కమానుల మీద కాలువనే వంతెనలా కట్టి నది మీదుగా అవతల నగరం అనే లంకకి (నది పాయల మధ్య దీవికి) నీళ్ళు దాటించారు. 2000లో పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు, ఈ లంకల గన్నవరంలోనే వచ్చినవాళ్ళకి వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన ఆవిడ. కాలువని దాటించిన కట్టడానికి ఇంకెవరి పేరు పెట్టినా ఇంత బాగుండేది కాదేమో. సైకిల్ పక్కన పెట్టి చూడండి, కింద నది ఒకవైపు పోతుంటుంది, పైన కాలువ దానికి అడ్డంగా ఇంకోవైపు పోతుంటుంది. పొద్దున్న బొబ్బర్లంకలో చూసిన గుర్రపుడెక్కలాంటిదే ఒక తెప్ప, కింద నది మీద వెళ్తున్న పడవని దాటుకుంటూ, పైన కాలువలో పోతుంది. పాత కమానులు పక్కనే ఉన్నాయి, వాటి ఇటుక దగ్గరగా చూడాలంటే నీళ్ళు తక్కువున్న రోజుల్లో ఇసుకలోకి దిగొచ్చు, ఒంటరిగా మాత్రం వద్దు.

భోజనం చేసి గంట నడుం వాల్చి, రెండింటికల్లా వెనక్కి తిరగండి. గాలి వీపు మీద ఉంటుంది కాబట్టి పొద్దున్నకంటే తొందరగా వస్తారు, కానీ ఆత్రేయపురంలో పూతరేకుల దగ్గర ముప్పావు గంట పోతుంది, అది ముందే లెక్కలో వేసుకోండి. బెల్లంవీ చక్కెరవీ విడివిడి డబ్బాల్లో పెట్టమనండి. డబ్బాని వెనక క్యారేజీకి నిలువుగా కాకుండా అడ్డంగా, కింద తువ్వాలు మడత వేసి కట్టండి. బ్యారేజీ మీదికి ఎక్కేముందు బొబ్బర్లంకలోనే ఆగి లైట్లు వెలిగించుకోండి, వెనక ఎర్రది పనిచేస్తోందో లేదో చెయ్యి అడ్డం పెట్టి చూసుకుని మరీ ఎక్కండి.